ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు

ఇంకా గంటా పాతిక నిమిషాలుంది. ఫోన్ డైనింగ్ టేబుల్ మీద బోర్లా పడి ఉంది, పెట్టింది మా అమ్మ. దానికెదురుగా మా ఆయన వెస్లీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, హోంవర్క్ చెయ్యకుండా వచ్చిన పిల్లాడిలాగా. మూడు నిమిషాల క్రితం అదే ఫోన్‌లో కాలేజీ అథ్లెటిక్ డైరెక్టర్ అతనికి ఉద్యోగం ఇచ్చాడు. అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి హెడ్ కోచ్. అక్టోబర్ మొదట్లో పాత కోచ్‌ని పీకేసినప్పట్నుంచీ తాత్కాలికంగా చేస్తున్న పనే, ఇప్పుడు ఆ తాత్కాలికం తోక లేకుండా, అయిదేళ్ళ కాంట్రాక్టుతో. "నీదే వెస్. సరే అను చాలు, రాత్రికి ప్రకటించేస్తాం" అన్నాడు డైరెక్టర్ స్పీకర్‌లో. వీళ్ళంతా, వెస్లీతో అయితే మా అమ్మ కూడా, మాట్లాడేది ఇంగ్లీషే, నా బుర్రలో పడేసరికి తెలుగైపోతుంది, అది నా జబ్బు. వెస్లీ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట బయటికొచ్చే లోపల అమ్మ పూజ అల్మారా దగ్గర్నుంచి, అప్పుడే దీపం వెలిగించిన అగ్గిపెట్టె చేతిలో ఉండగానే, గబగబా వచ్చి గోడ మీది ఒంగోలు క్యాలెండర్ వైపు వేలు చూపించింది. "ఇప్పుడు కాదు బాబూ. రాహుకాలం. నాలుగున్నర నుంచి ఆరు. ఆరు దాటాక ఒప్పుకోండి." గడియారంలో నాలుగూ ముప్ఫై రెండు. వెస్లీ క్యాలెండర్ చూశాడు, గడియారం చూశాడు, అమ్మ మొహం చూశాడు. "నా కుటుంబంతో మాట్లాడుకోవాలి, ఆరింటిదాకా టైమివ్వండి" అన్నాడు.  తర్వాత "ఆరు. సరే" అని డైరెక్టర్ ఫోన్ పెట్టేశాడు.

కుటుంబంతో మాట్లాడుకోవాలిట. కుటుంబం ఇక్కడే సింకు ముందు నిలబడి మెంతికూర కడుగుతోంది, ఎవరైనా మాట్లాడితే బాగుణ్ణు. ఎవరూ మాట్లాడరు. అమ్మ తెల్ల కాగితం మీద ఎర్ర పెన్నుతో ఏదో రాసుకుంటోంది, ఆరూ అయిదుకి ఎవరెటు తిరిగి కూర్చోవాలో కాబోలు. తూర్పు అంటే మా గ్యారేజి వైపు. అయిదేళ్ళ కాంట్రాక్టుకి అవునని వెస్లీ గ్యారేజి వైపు తిరిగి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందట నన్ను పెళ్ళి చేసుకుంటానని ఒక పార్కింగ్ లాట్‌లో చెప్పాడు, అప్పుడు ఏ దిక్కున ఉన్నాడో ఎవరూ చూసుకోలేదు. అందుకే కాబోలు ఇన్ని ఇళ్ళు మారాం.

ఈ గోలంతా నిమ్మకాయలతో మొదలైంది. అమ్మ సెప్టెంబర్ ఆఖర్న వచ్చింది, ఆరునెలల విజిటర్ స్టాంపు వేయించుకుని, రెండు పెట్టెలతో, అందులో ఒకటి మొత్తం పచ్చళ్ళు. అప్పటికి టీమ్ అయిదాటలాడి నాలుగోడింది. ఆవిడ వచ్చిన వారానికి పాత కోచ్ ఉద్యోగం పోయింది, వెస్లీని కూర్చోబెట్టారు. "పాపం ఆయన, నేను రాగానే" అని ఒక పూట బాధపడి, మర్నాటికి, "చూశావా, నేను రాగానే" అంది. మొదటి శనివారం హోటల్ నుంచి స్టేడియంకి టీమ్ బస్సు బయల్దేరుతుంటే, మాతోపాటు చూడ్డానికొచ్చిన అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, ఎవర్నీ అడక్కుండా, వంగి నాలుగు టైర్ల కిందా పెట్టింది. డ్రైవరు దిగబోయాడు. వెస్లీ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. బస్సు కదిలింది, కాయలు చితికాయి, ఆ రోజు పద్దెనిమిది పాయింట్ల తేడాతో గెలిచారు. అంతే. తర్వాతి వారం ఆటగాళ్ళే బస్సు దిగి వరసగా నిలబడి చూశారు, ఒక్కొక్కడు నూట నలభై కిలోలు. మా అమ్మాయి నైనిక అమ్మమ్మా అంటుంటే విని వాళ్ళూ అమ్మమ్మా అన్నారు. మూడో వారానికి సామాన్లు చూసే అతను అరోరాలో ఇండియన్ షాపుకి వెళ్ళి నిమ్మకాయలు పెట్టెతో కొనుక్కొచ్చాడు. ఏడాటల్లో ఆరు గెలిచారు. ఓడిన ఒక్కటీ విమానంలో వెళ్ళి ఆడింది. విమానం చక్రం కింద నిమ్మకాయ పెట్టనిమ్మని నా మొగుడు, చదువుకున్నవాడు, ఎయిర్‌పోర్టు వాళ్ళని నిజంగానే అడిగాడు.

అందులో వింతేం లేదు, కోచ్‌లంతా అంతే. కొంతమంది గెలిచిన వారం చొక్కా ఉతకరు. వెస్లీ బూడిదరంగు హుడీకి నెలన్నర నుంచి సబ్బు తగల్లేదు, నేను ముక్కు మూసుకుని పక్కన కూర్చుంటున్నాను. ఎడమ బూటు ముందు. తెల్ల గీత మీద కాలు వెయ్యడు. ఆటకి ముందు సరిగ్గా మూడు చూయింగ్ గమ్‌లు, నాలుగోది ఎవరైనా ఇస్తే భయపడతాడు. ఇతను ఒహాయోలో మొక్కజొన్న పండించేవాళ్ళబ్బాయి, మా అమ్మ ఒంగోల్లో ముప్ఫై రెండేళ్ళు గవర్నమెంటు స్కూల్లో భూగోళం చెప్పిన కృష్ణకుమారి టీచరు. పెళ్ళయిన మొదటి ఆరేళ్ళూ ఆవిడ ఇతనితో ఫోన్‌లో హలో దాటి మాట్లాడలేదు. అలాంటిది ఇవాళ ఇద్దరూ ఒకరికొకరు దొరికారు. నాకు దొరకని మనిషి మా అమ్మకి దొరికాడు. నేను దేవుడు లేడనేదాన్ని కాను, ఓపిక లేనిదాన్ని. పొద్దున్న ఆరుకి ఆస్పత్రి ఫార్మసీలో ఉండాలి, మంచి గంట చూసి బయల్దేరితే రోగులు ఉండరు.

మెంతికూర మూడోసారి కడుగుతున్నాను, ఇసక ఎప్పుడో పోయింది. సరే అంటే ఈ ఇల్లు.  సరే అంటే నేపర్‌విల్‌లో ఈ ఇల్లు అయిదేళ్ళు మాది. నైనిక పదకొండో తరగతి ఇక్కడే, పన్నెండూ ఇక్కడే. లేదంటే కొత్త కోచ్ వస్తాడు, వచ్చినవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, పాతవాళ్ళు బుధవారానికల్లా ఐడీ కార్డులు ఇచ్చెయ్యాలి. తిట్టుకోరు, కొట్టుకోరు, అది పద్ధతి. మేము కూడా అలాగే ఎవరో ఖాళీ చేసిన గదుల్లోకి వెళ్ళినవాళ్ళమే. టెక్సస్‌లో మాకిచ్చిన ఆఫీసు గోడ మీద ముందు కోచ్ కూతురు గీసిన కుక్క బొమ్మ అలాగే ఉండిపోయింది, కింద డాడీ అని. దాన్ని నేను చించలేదు. వెస్లీ చించాడు.

ఏడిళ్ళు. పిస్కాటవేలో నేను ఫార్మసీ చదువుతున్నప్పుడు ఇతను అక్కడ టీమ్‌లో జీతం రాని అసిస్టెంటు, బస చేసేది స్నేహితుడి సోఫాలో. నవ్వేవాడు. నా పేరు సుధ అని తిన్నగా పలకడానికి ఒక పూటంతా సాధన చేశాడు, ఆ ఒక్క పూటకి నేను పడిపోయాను. తర్వాత ఒహాయో, టెక్సస్, ఐడహో, మళ్ళీ టెక్సస్, జార్జియా, ఇల్లినాయ్. ప్రతి రాష్ట్రానికీ ఫార్మసీ చట్టం వేరు, పరీక్ష వేరు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని చదివాను, గర్భం పోయిన వారానికి చదివాను, ఆరు రాష్ట్రాల లైసెన్సులు నా దగ్గరున్నాయి, ఎక్కడా సీనియర్‌ని కాలేదు. ఐడహోలో నైనిక గదికి లేతాకుపచ్చ రంగు నేనే వేశాను, నిచ్చెనెక్కి. రెండో పూత ఆరకముందే ఇతనికి ఫోనొచ్చింది. కింద హాల్లోంచి వినిపించింది, అవును సార్, తప్పకుండా సార్, సోమవారం ఉంటాను సార్. తర్వాత మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, నవ్వుతూ, "టెక్సస్!" అన్నాడు, నాకు లాటరీ తగిలినట్టు. బ్రష్ నా చేతిలోనే ఉంది. ఒక్కసారి, ఏడిళ్ళలో ఒక్కసారి, ఒక్క నిమిషం ఆగండి సార్ నా భార్యని అడగాలి అన్నాడా? అనలేదు. ఫోన్‌లోనే అవుననాలిట, ఒక్క క్షణం తటపటాయించినా అవకాశం పోతుందిట, ఈ వృత్తి అంతేనట. నాకు తెలుసు. కోచ్‌ల పెళ్ళాలందరికీ తెలుసు. గంట టైమడిగాడంటే ఇంకో కాలేజీతో బేరమాడుతున్నాడని అర్థం. మన భాషలో ఆలోచించుకుని చెప్తానంటే మర్యాద, వీళ్ళ లెక్కలో మోసం.

మరి ఇవాళ అడిగాడు. గంటన్నర. కుటుంబంతో మాట్లాడుకోవాలి అన్నాడు, ఆ మాట వినగానే నా చేతులు నీళ్ళల్లో ఆగిపోయాయి, నిజం చెప్తున్నాను. పద్దెనిమిదేళ్ళు కాచుకున్న మాట. అదిగో అన్నాడు, తిరిగి నా వైపు చూస్తాడు అనుకున్నాను. చూడలేదు. క్యాలెండర్ వైపు చూశాడు. నా కోసం ఆగనివాడు రాహువు కోసం ఆగాడు.

పోయిన వారం నన్ను చూసుకున్నారు కూడా. అవును, చూసుకోవడమే. కోచ్‌ని తీసుకునేటప్పుడు భార్యని కూడా చూసుకుంటారు, ఇది ఎక్కడా రాసి ఉండదు. డైరెక్టరూ, ఆయన భార్యా, టీమ్‌కి డబ్బులిచ్చే ఇద్దరు ముసలివాళ్ళూ మమ్మల్ని డిన్నర్‌కి పిలిచారు. నలభై నాలుగేళ్ళకి నాకు పెళ్ళిచూపులు. నల్ల డ్రస్సు, పొట్టి గాజు లోలకులు, ఏం తినాలో కూడా వెస్లీ ముందే చెప్పాడు, చేతికి అంటుకునేవి వద్దని. ఫుట్‌బాల్ ఇష్టమేనా అన్నారు. ఇష్టం అన్నాను. ఆట రోజుల్లో వేరే కోచ్‌ల భార్యల్ని కలుపుకుపోవాలి, వాళ్ళకి అక్కలాగా ఉండాలి, ఇంటికి కుర్రాళ్ళు వస్తారు, వండి పెట్టగలవా అన్నారు. పెడతాను అన్నాను, చికెన్ పులుసు తింటే పోరు అని జోక్ కూడా వేశాను, నవ్వారు. అప్పుడు ఆ డైరెక్టర్ భార్య, ముత్యాల దండ సవరించుకుంటూ, ఎంతో ప్రేమగా, "మీరు ఉద్యోగం మానేస్తారు కదా?" అంది. "లేదండీ" అన్నాను. ఆవిడ నా మీంచి చూపు తీసి మొగుడి వైపు చూసింది. ఇంటికొచ్చేటప్పుడు కార్లో, అరోరా దాటాక, వెస్లీ "దానికి ఇంకోలా చెప్పొచ్చు కదా సూ" అన్నాడు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. నా వల్ల పోతుందేమోనని భయపడ్డాను. సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గుపడినందుకు కోపం వచ్చింది, ఆ కోపం ఇంకా ఉంది.

కత్తిపీట లేదు, చాకుతోనే తరుగుతున్నాను. అమ్మ వచ్చి చూసి, "కాడలు తీసెయ్యవే, చేదు" అంది. తీసేశాను. ఈవిడ చేతిలో ఎర్ర పెన్ను చూస్తే నాకు ఏడో తరగతి గుర్తొస్తుంది. నేనూ ఈవిడ క్లాసులోనే కూర్చున్నాను, ఇంట్లో అమ్మ, బళ్ళో మేడమ్, అమ్మా అంటే గోడకుర్చీ. గ్లోబు ప్రతి స్కూల్లో ఉండదు, మా స్కూల్లో ఉన్నది పగిలింది. అందుకని బత్తాయికాయ తెచ్చి పుల్ల గుచ్చి, కొంచెం పక్కకి వంచి పట్టుకుని, కిటికీలు మూయించి కొవ్వొత్తి చుట్టూ తిప్పేది. ఇదిగో ఇక్కడ వేసవి, ఇదిగో ఇటొచ్చేసరికి పైనున్న దేశాలకి చలికాలం. పైకి వెళ్ళేకొద్దీ చలికాలంలో పగలు చిన్నది, రాత్రి పెద్దది, ఎందుకు, సుధా నువ్వు చెప్పు. వంగి ఉంది కాబట్టి మేడమ్. మరి మన ఒంగోలుకి? పెద్ద తేడా ఉండదు మేడమ్, ఆరుకి తెల్లారి ఆరుకి చీకటి పడుతుంది. పీరియడ్ అయ్యాక ఆ బత్తాయి వలిచి జవాబు చెప్పినవాళ్ళకి తొనలు పంచేది. ఎక్కువ నేనే తిన్నాను ఆ సంవత్సరం.

అయిదూ పది. వెస్లీ లేచి ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "ఇంకెంత?" అన్నాడు. నన్ను కాదు, అమ్మని. అమ్మ ఇంగ్లీషులో, "ఫిఫ్టీ మినిట్స్ ఓన్లీ" అంది, స్కూల్లో బెల్లు గురించి చెప్పినట్టు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తలలూపారు. బాగానే ఉంది. రెండు సోఫాల మధ్య టీపాయ్‌లాగా నేను. నిన్న ఆఖరాట గెలిచాక మైదానంలో ఇతను కెమెరాల ముందు చెప్పాడు, ఇది మా అత్తగారి విజయం అని. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, అమ్మ శాలువా కప్పుకుని చెయ్యి ఊపింది, ముసురు మంచులో. నేను వాళ్ళిద్దరి వెనకాల గొడుగు పట్టుకున్నాను. ఫోటోలో గొడుగు పడింది.

మెట్ల మీద దడదడమని చప్పుడు. నైనిక. చేతిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. దీని పదహారేళ్ళ బతుకులో నేర్చుకున్నది ఒకటే, నాన్న ఉద్యోగం సంగతి నాన్న కన్నా ముందు అభిమానుల వెబ్‌సైట్లలో తెలుస్తుందని. ఈ అభిమానులకి వేరే పనుండదు, టీమ్‌కి డబ్బులిచ్చేవాళ్ళ సొంత విమానాలు, కొత్త కోచ్‌ని తెచ్చేవి, ఎక్కడ లేస్తున్నాయో ఎక్కడ దిగుతున్నాయో ఇంట్లో కూర్చుని చూస్తుంటారు. "అమ్మా, లుక్. డోనర్ ప్లేన్ టేకాఫ్ అయింది. టెన్ మినిట్స్ ముందు. కాన్సస్ వెళ్తుంది" అంది. కాన్సస్‌లో ఒక కోచ్ ఉన్నాడు, ఇంకా నలభై దాటలేదు, పళ్ళు తెల్లగా ఉంటాయి, మూడు వారాల నుంచి వీళ్ళ జాబితాలో రెండో పేరు అతనిదే. వెస్లీ లాప్‌టాప్‌లోకి వంగాడు. మ్యాప్ మీద చిన్న పసుపుపచ్చ విమానం, తోక వెనకాల సన్న గీత. "డాడ్, కాల్ హిమ్. ప్లీజ్. జస్ట్ సే యెస్" అంది నైనిక. "నేను ఇంకో స్కూల్‌కి వెళ్ళను, ఐ స్వేర్, నేను ఇక్కడే అంకిత ఆంటీ వాళ్ళింట్లో ఉండిపోతాను." వెస్లీ చెయ్యి ఫోన్ దాకా వెళ్ళింది.

అమ్మ అడ్డం రాలేదు, అది కూడా చెప్పాలి. "మీ ఇష్టం బాబూ. నలభై అయిదు నిమిషాలే కదా అని" అంది, అంతే. ఆయన చెయ్యి ఫోన్ మీద ఆగింది.

ఇక్కడ నేను ఒప్పుకోవాలి. ఎవరికి ఒప్పుకుంటున్నానో తెలీదు, ఈ మెంతికూరకేనేమో. సింకు పైన కిటికీ ఉంది. కిటికీ అవతల నల్లగా ఉంది. వీధిలో దీపాలు వెలిగి చాలాసేపైంది, ఎదురింటి వాళ్ళ క్రిస్మస్ లైట్లు మినుకుమంటున్నాయి. నవంబర్ ఆఖరి ఆదివారం, ఇల్లినాయ్, సూర్యుడు నాలుగూ ఇరవైకి అస్తమించాడు. పొద్దు కుంగడం చూసి అమ్మ దీపం పెట్టింది. దీపానికి ఆకాశం చూసింది, రాహుకాలానికి క్యాలెండర్ చూసింది, రెంటికీ మధ్య పది అడుగులు. రాహుకాలం అంటే పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం, ఆదివారం ఆఖరిది. ఆరుకి తెల్లారి ఆరుకి చీకటిపడే ఊళ్ళో అది నాలుగున్నర నుంచి ఆరు. ఇక్కడ పొద్దున్న ఏడుకి తెల్లారింది. ఆ ఆఖరి భాగం మూడూ పదికి వచ్చి సూర్యుడితోపాటు వెళ్ళిపోయింది. డైరెక్టర్ ఫోన్ చేసినప్పుడు ఏ రాహువూ లేడు. ఇప్పుడూ లేడు. ఆ లెక్క నాకు నాలుగూ ముప్ఫై మూడుకే తెలుసు, నీళ్ళల్లో చేతులు పెట్టుకుని, కిటికీలోంచి చీకటి పడటం చూస్తూ, బత్తాయి గుర్తు చేసుకుంటూ వేశాను. ఒక్క మాట చాలు. అమ్మా, పొద్దు కుంగిపోయింది కదే. ఆవిడ భూగోళం టీచరు, సగం మాటకే అర్థమయ్యేది, నాలిక కరుచుకుని ఫోన్ తనే ఇచ్చేది.

అనలేదు. ఆగనీ అనుకున్నాను. ఒక్కసారి వీళ్ళంతా ఆగనీ, ఆ డైరెక్టరూ, ముత్యాలదండావిడా, వాళ్ళ విమానమూ. నా కోసం కాకపోయినా మా ఇంట్లో ఎవరో ఒకరి మాట కోసం గంటన్నర చేతులు కట్టుకుని కూర్చోనీ. నేను పద్దెనిమిదేళ్ళు కూర్చోలేదా? ఆరు దాటాక సరే అంటాడు, వాళ్ళు సరే అంటారు, ఆరు గెలిచినవాణ్ణి ఎవడొదులుకుంటాడు అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో.

ఇప్పుడు కూడా చెప్పొచ్చు. వెస్లీ చెయ్యి ఫోన్ మీదే ఉంది. నైనిక ఏడుస్తోంది. మాట నాలిక మీదికి వచ్చింది, పుల్లగా. అతను తలెత్తాడు. నా వైపు చూసి, ఏమంటావ్ సూ అంటే చెప్పేసేదాన్ని, కళ్ళతో అడిగినా చెప్పేదాన్ని, ఒట్టు. అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ గడియారం వైపు చూసింది. "క్రమశిక్షణ" అన్నాడు వెస్లీ తనలో తను, ఆటగాళ్ళకి చెప్పే మాటే, "ప్లాన్ మార్చకూడదు, ప్లాన్ వల్లే ఇక్కడిదాకా వచ్చాం." ఫోన్ మళ్ళీ బోర్లా పెట్టి చెయ్యి తీసేశాడు. నైనిక లాప్‌టాప్ మూసేసి నా వైపు చూసింది, నువ్వైనా చెప్పొచ్చు కదా అన్నట్టు. నేను స్టవ్ వెలిగించాను. పోపు వేశాను. ఆవాలు చిటపటలాడుతుంటే ఎవరేం మాట్లాడినా వినపడదు.

అయిదూ నలభై ఎనిమిదికి ఫోన్ మోగింది. బల్ల మీద బోర్లా పడుకునే గిరగిరా తిరిగింది. వెస్లీ అమ్మని చూస్తే అమ్మ, "వినడానికి దోషం లేదు, ఒప్పుకోకండి" అంది. అతను స్పీకర్ పెట్టాడు. డైరెక్టర్ గొంతు కార్లోంచి వస్తోంది, హడావిడిగా ఉంది, బాధగా లేదు. "వెస్, మేం ఇంకో మనిషితో వెళ్తున్నాం. నీకెక్కడో ఇంకో బేరం ఉందని అర్థమైంది, తప్పు పట్టను. కానీ నాకు ఫోన్‌లోనే అవుననేవాడు కావాలి. అతను రెండో రింగుకే అవునన్నాడు." వెస్లీ, "ఇంకో పన్నెండు నిమిషాలుంది కదా సార్" అన్నాడు.  డైరెక్టర్, "మీ అత్తగారిని అడిగానని చెప్పు" అని పెట్టేశాడు.

నైనిక మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది, పెద్దగా కాదు, మెల్లిగా. పెద్దగా వేసుంటే బాగుణ్ణు. కూర అడుగంటుతోంది, కట్టేశాను. వెస్లీ మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది, చెవుల దగ్గర్నుంచి కిందికి. అతన్ని కొట్టాలనిపించింది, పక్కన కూర్చుని తల నిమరాలనిపించింది, రెండూ ఒకేసారి, రెండూ చెయ్యలేదు. అప్పుడు అమ్మతో అన్నాడు, చిన్నపిల్లాడిలాగా, వేళాకోళం కాదు, "రాహుకాలంలో వచ్చిన చెడ్డవార్త లెక్కలోకి వస్తుందా?"

అమ్మ ఏం చెయ్యాలో తోచక బ్లైండ్స్ దించడానికి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తాడు పట్టుకుంది. అవతల వీధి దీపాలు. ఎదురింటి క్రిస్మస్ లైట్లు. తాడు లాగలేదు. తల కొంచెం వెనక్కి తిప్పి పూజ అల్మారాలో దీపం చూసింది, వత్తి సగం కాలి నూనె తగ్గింది. మళ్ళీ కిటికీ. ఆవిడ వెనకాల నిలబడి ఆవిడ వీపునే చూస్తున్నాను, ఆ వీపు చిన్నదైపోవడం నాకు కనపడింది. ముప్ఫై రెండేళ్ళు బత్తాయి తిప్పిన చెయ్యి చీర కొంగు పట్టుకుంది.

"సుధా. పొద్దు ఎప్పుడు కుంగిందే?"

"నాలుగూ ఇరవైకి."

"మరి..." అంది. వేళ్ళ మీద ఏదో లెక్కేసింది, ఎనిమిదో వేలు దగ్గర ఆగింది. "అయ్యో" అంది, ఊపిరితో. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగింది. "నీకెప్పుడు తట్టింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే అనొచ్చు. "దీపం పెట్టావు చూడు, అప్పుడు."

"చెప్పకూడదుటే?"

"చెప్పొచ్చు."

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఏడో తరగతిలో తెలిసి కూడా జవాబు చెప్పని రోజుల్లో ఇలాగే చూసేది, అప్పుడు తొన పెట్టేది కాదు. నాకు ఏడుపు రాలేదు. రావాలని చూశాను. బేస్‌మెంట్‌లో మడిచి దాచిన అట్టపెట్టెలు ఎన్నున్నాయో గుర్తు తెచ్చుకుంటున్నాను, ముప్ఫై పైనే ఉంటాయి, టేపు కొనాలి.

మా తెలుగు అర్థంకాక వెస్లీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి కళ్ళు నా మీద నిలిపాడు. అమ్మ మీద కాదు, గడియారం మీద కాదు. నా జవాబు తప్ప ఇంకేమీ అక్కర్లేనట్టు, పిస్కాటవేలో నా పేరు నేర్చుకున్న రోజులాగా చూశాడు.

"మీ అమ్మ ఏమంటోంది సుధా?"

"అన్నం చల్లారిపోతోందంటోంది" అన్నాను, కంచాలు తీశాను.